చూస్తే తెలుగే.. కాపీ చేస్తే గజిబిజి! పీడీఎఫ్‌లలో అసలు చిక్కు ఎక్కడుంది?

ఫోన్‌లో పీడీఎఫ్ ఓపెన్ చేస్తే తెలుగు ముత్యాల్లా కనిపిస్తుంది. అందులో రెండు లైన్లు కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు వచ్చి పడతాయి. ఫోన్ పాడైందేమో, యాప్ సరిగా లేదేమో అని చాలామంది అనుకుంటారు. కానీ తప్పు ఫోన్‌ది కాదు. ఆ ఫైల్ లోపల తెలుగు అక్షరాలే లేవు. ఉన్నవి వాటి బొమ్మలు మాత్రమే.

అసలు ఇలా ఎందుకు జరిగింది?

ఎంత పెద్దది చేసినా గీత చెదరని ఫాంట్లు 1980లలోనే వచ్చాయి. అడోబీ 1984లో టైప్ 1 ఫాంట్లను, యాపిల్ 1991లో ట్రూటైప్‌ను తెచ్చాయి. అప్పటి పద్ధతిలో ఒక ఫాంట్‌లో వాడుకోగలిగిన గళ్లు 256కు మించవు. ఇంగ్లిష్‌కు అవి చాలు. గుణింతాలు, ఒత్తులు కలిస్తే వేల రూపాలయ్యే తెలుగుకు ఎలా సరిపోతాయి?

అందుకే డీటీపీ రంగం ఒక ఉపాయం పట్టింది. తలకట్లు, గుడులు, ఒత్తులను ముక్కలు చేసి ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో కూర్చోబెట్టింది. అను ఫాంట్లలాంటివి ఈ దారిలోనే నడిచాయి. పుస్తకాలు, పెళ్లి పత్రికలు, కరపత్రాలు అన్నీ వీటితోనే అచ్చయ్యాయి. కాగితం మీద ఇబ్బంది లేదు. కంప్యూటర్ దృష్టిలో మాత్రం అది తెలుగు కాదు, ఇంగ్లిష్ కోడ్లే.

ఫార్మాట్ మారిస్తే సరిపోతుందా?

సరిపోదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. టైప్ 1 ఫాంట్‌ను ఓపెన్‌టైప్‌గా మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అవి ఫైల్ పెట్టెను మారుస్తాయి, లోపలి కోడ్లను అలాగే ఉంచేస్తాయి. 2023 జనవరిలో ఇన్‌డిజైన్, ఇలస్ట్రేటర్ లాంటి సాఫ్ట్‌వేర్లలో టైప్ 1కు అడోబీ సపోర్ట్ ఆపేసింది. ఆ ఫాంట్లు ఎక్కించి ఉన్న పాత పీడీఎఫ్‌లు తెరుచుకుంటాయి, ప్రింట్ కూడా అవుతాయి. కానీ ఆ ఫాంట్లతో చేసిన పాత పేజీల్లో మళ్లీ మార్పులు చేయాలంటే కష్టమే.

పోనీ, పీడీఎఫ్ నుంచే ఫాంట్ బయటికి తీయొచ్చా? ఫాంట్‌ఫోర్జ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తీయొచ్చు. కానీ సైజు తగ్గించడానికి పీడీఎఫ్‌లో సాధారణంగా ఆ పేజీల్లో వాడిన అక్షరాలనే దాస్తారు. కాబట్టి దొరికేది సగం ఫాంటే. పైగా ఫాంట్‌కు లైసెన్స్ ఉంటుంది, ఇష్టం వచ్చినట్టు వాడుకోవడం కుదరదు.

మరి అసలు మందు? యూనికోడ్. ఇందులో ప్రతి తెలుగు అక్షరానికి సొంత నంబర్ ఉంటుంది. ‘స్త్రీ’నే తీసుకోండి. చూడ్డానికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం.. మొత్తం ఆరు కోడ్లు. పాత ఫాంట్లలో ఈ వరుస ఉండదు. కొన్నింటిలో క్రావడి అక్షరం కంటే ముందే వస్తుంది. కన్వర్టర్ ముక్కలను గుర్తుపట్టి, మళ్లీ వరుసలో పేర్చాలి. ఒక్కో ఫాంట్‌కు ఒక్కో పట్టిక కావాలి. ఒత్తు తప్పితే మాట తప్పుతుంది, మాట తప్పితే ఒక్కోసారి మనిషి పేరే మారిపోతుంది.

యూనికోడ్‌లో టైప్ చేసినా ఒక మెలిక ఉంది. ఏ బొమ్మ ఏ అక్షరమో చెప్పే పట్టిక పీడీఎఫ్‌లో సరిగా చేరకపోతే కాపీ చేసినప్పుడు మళ్లీ అదే గజిబిజి.

నష్టం ఎవరికి?

లబ్ధిదారుల జాబితా ఇలాంటి పీడీఎఫ్‌లో వస్తే పేరు కొట్టి వెతకడం కుదరదు. వందల పేజీలు వేలితో తిప్పాల్సిందే. గూగుల్‌కూ అది దొరకదు. చూపు లేనివారి పరిస్థితి ఇంకా ఘోరం. వాళ్ల ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ బొమ్మను చూసి చదవదు, కోడ్‌నే చదువుతుంది. తెలుగు నోటీసు వాళ్లకు అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలుగా వినిపిస్తుంది.

రూల్ ఉంది.. మరి అమలు?

ఈ-గవర్నెన్స్‌లో భారతీయ భాషలకు యూనికోడే ప్రమాణమని కేంద్రం 2009లోనే ప్రకటించింది. ఫాంట్లకు ఓపెన్ ఫాంట్ ఫార్మాట్‌ను ప్రమాణం చేసింది. రికార్డులను జాబితా చేసి, కంప్యూటరీకరించి అందుబాటులో ఉంచాలని 2005 సమాచార హక్కు చట్టం చెబుతోంది. ఎలక్ట్రానిక్ సమాచారం దివ్యాంగులకు అందేలా ఉండాలని 2016 చట్టం చెబుతోంది. ఫాంట్ల కొరత కూడా లేదు. మండలి, రామభద్ర, సురవరం, ఎన్టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. కొరత ఉన్నది అలవాటు మార్చుకోవడంలోనే.

చేతులు పూర్తిగా వేళ్లకు అలవాటైన పాత కీబోర్డును, ఏళ్ల తరబడి కూడిన పాత ఫైళ్లను డీటీపీ ఆపరేటర్ ఒక్కరోజులో వదిలేయలేరు. శిక్షణ, సమయం, డబ్బు ఇవ్వకుండా తప్పంతా వాళ్ల మీదికి నెట్టడం న్యాయం కాదు.

ఇప్పుడు ఏం చేయొచ్చు?

కొత్త పత్రాలను యూనికోడ్‌లోనే తయారు చేయాలి. స్కాన్ చేసి ఎక్కించే బదులు ఒరిజినల్ ఫైల్ నుంచే పీడీఎఫ్ తీయాలి. పాతవాటిని ఫాంట్ పేరు తెలిస్తే కన్వర్టర్‌తో, తెలియకపోతే ఓసీఆర్‌తో మార్చాలి. రెండింటిలోనూ చివరగా మనిషి చదివి సరిచూడాల్సిందే.

పరీక్ష కూడా సులువే. వెబ్‌సైట్‌లో పెట్టే ముందు ఆ పీడీఎఫ్‌లో ఒక తెలుగు పేరు కొట్టి వెతకాలి. దొరికితే జనానికీ దొరుకుతుంది. దొరకకపోతే ఆ ఫైల్ ఇంకా పూర్తి కానట్టే.