మార్చిన మోటారు: అమ్మినవానికి లాభము, కొన్నవానికి దండన

ఎద్దును కొనబోవు రైతు పండ్లు చూచును, సుడులు చూచును, నాగలికి గట్టి నాలుగు సాళ్లు దున్నించి చూచును. ఇన్ని చూచినగాని మూటముడి విప్పడు. ఎద్దువెలకు అనేకరెట్లు వెలగల మోటారుకారును కొనునపుడు మాత్రము ఆ రైతే రంగును జూచి, ఇంజను మోతను విని, బయానా ఇచ్చి వచ్చుచున్నాడు. బర్రెను నీళ్లలో నుంచి బేరమాడుట యన నిదియే. బంట్వారము మొదలుకొని తాండూరు, వికారాబాదుల వరకు గల పల్లెలలో నేడు పాత డీజిలుకారు వింతవస్తువు కాదు. ఆసుపత్రికి పోవలయునన్నను, కోర్టుకు పోవలయునన్నను, హైదరాబాదులో చదువుకొను బిడ్డను జూచి రావలయునన్నను అది అక్కరకు వచ్చుచున్నది. కొత్తకారు కొనలేని గృహస్థు పాతకారు కొనుట తప్పు కాదు. కాని ఆ కారు కర్మాగారమునుండి వెలువడినది వెలువడినట్లే యున్నదా, నడుమ నెవడైన దాని లోపలి భాగములను మార్చెనా యని బేరమున నడుగువారు అరుదు. అడుగకపోవుటవలన కలుగు నష్టము కొన్నవాని సంచితో తీరునది కాదు; ఊరివారి ఊపిరి వరకు పోవునది.

ఆ మార్పు లెట్టివో ముందుగా తెలిసికొనవలయును. చక్రములను వెడల్పు చేయుట, దీపములను పెంచుట కంటికి కనబడును. కనబడని మార్పులే యిచ్చట మన విచారణకు విషయము. పెట్రోలుకారు పొగగొట్టములో కేటలిటిక్ కన్వర్టరు అను భాగ మొకటి కలదు. ప్లాటినము, పలాడియము, రోడియము అను విలువగల లోహములు దానిలో పలుచని పూతగా నుండును. కార్బన్ మోనాక్సైడు అను విషవాయువును, కాలక మిగిలిన ఇంధనపుటావిరిని, నైట్రోజన్ ఆక్సైడులను అది చాలవరకు హానిలేని వాయువులుగా మార్చును. ఆ లోహముల వెల కాశపడి దానిని కోసి తీసి, దాని స్థానమున బోలుగొట్టము నతుకువారు కలరు. డీజిలుకారులో ఇ.జి.ఆర్. వాల్వు అనునది పొగలో కొంతభాగమును మరల ఇంజనులోనికే పంపి, మంటయొక్క వేడిమిని తగ్గించి, నైట్రోజన్ ఆక్సైడులను అణచును. 2020 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చిన బి.ఎస్. 6 ప్రమాణముల డీజిలుకార్లలో డి.పి.ఎఫ్. అను మసిజల్లెడ కూడ నుండును. చిన్నచిన్న ప్రయాణములు మాత్రమే చేయు బండిలో ఆ జల్లెడ మసితో పూడిపోవును. కొత్తది వేయించుటకు ఖర్చు అధికము. అట్టి సమయమున దానిని పీకివేయించుమని సలహా యిచ్చు మెకానిక్కులు దొరకుదురు. ఇక ఇంజనుకు మెదడు వంటిదైన ఇ.సి.యు. అను కంప్యూటరులోని లెక్కలను మార్చి, డీజిలును ఎక్కువగా చిమ్మించి, బలము పెంచుటను రీమ్యాపు అందురు. చిమ్మిన డీజిలుకు తగినంత గాలి లేనిచో అది సరిగా కాలక నల్లని మసియై వెలువడును. టర్బో, క్లచ్చి అకాలమున అరుగును. వీనిలో నొకటియు బండి ప్రక్కన నిలబడి చూచువానికి తెలియదు.

చట్ట మీ విషయమున మౌనము వహింపలేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు మొదట నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటకు యజమానికి హక్కు లేదు. అనుమతి పొందిన సి.ఎన్.జి., ఎల్.పి.జి. కిట్ల వంటి కొన్నింటికే మినహాయింపు కలదు. కేరళ రాష్ట్రమునుండి వచ్చిన యొక అప్పీలులో 2019 జనవరి 9వ తేదీన సుప్రీంకోర్టు ఈ సూత్రమునే దృఢపరచెను. ఆ సంవత్సరమే జరిగిన సవరణతో చేరిన 182-ఎ సెక్షను, అక్రమముగా బండిని మార్చిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాగాని, ఆరుమాసముల వరకు ఖైదుగాని, రెండును గాని విధింపవచ్చునని చెప్పుచున్నది. 190వ సెక్షను రెండవ ఉపవిభాగము మరియొక మెట్టు ముందునకు పోయినది. గాలిని చెరచకుండుటకై ఏర్పరచిన ప్రమాణములను మీరిన బండిని నడపువానికిని, నడపనిచ్చువానికిని మొదటి తప్పుకే మూడుమాసముల వరకు ఖైదుగాని, 10,000 రూపాయల వరకు జరిమానాగాని, రెండును గాని అది చూపుచున్నది. పాఠకులు ఈ తుదివాక్యమును నిదానించి చదువవలయును. బండిని మార్చినవా డెవడని ఆ సెక్షను అడుగుట లేదు. నడపుచున్నవా డెవడని మాత్రమే అడుగుచున్నది. అమ్మినవాడు రొక్కము లెక్కించుకొని పోయినాడు. మార్చినది తాను కాదని చెప్పికొనవలసిన దుర్దశ కొన్నవానికి మిగిలినది. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ యైనది!

పాతకార్లు మన ప్రాంతమునకు దూరదేశములనుండియు వచ్చుట కొక కారణము కలదు. ఢిల్లీ రాజధాని ప్రాంతమున పదునైదేండ్లు దాటిన వాహనములు నడువరాదని జాతీయ హరిత ట్రిబ్యునలు 2014 నవంబరులోను, పదేండ్లు దాటిన డీజిలుబండ్లు నడువరాదని 2015 ఏప్రిలులోను ఆజ్ఞాపించెను. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దానిని బలపరచెను. 2025 ఆగస్టులో అట్టి యజమానులపై నిర్బంధచర్య వలదని కోర్టు చెప్పి, ఆ డిసెంబరులోనే ఆ రక్షణను బి.ఎస్. 4, తదుపరి తరగతుల వాహనములకు పరిమితము చేసెను. ఇట్టి అనిశ్చితస్థితిలో ఢిల్లీ యజమానికి పదేండ్లు సమీపించిన డీజిలుకారు గుదిబండ. దానిని వచ్చినవెలకు వదలించుకొనును. అదే కారు నిరభ్యంతరపత్రముతో తెలంగాణమునకు వచ్చి, ఇచ్చట పన్ను చెల్లించి, కొత్త నంబరు పొందినచో పదునైదేండ్ల రిజిస్ట్రేషనులో మిగిలిన కాలము యథేచ్ఛగా తిరుగును. ఇది చట్టసమ్మతమే, దోషమని మే మనజాలము. కాని చవుకవెల చూచి మురియువాడు ఆ వెల ఏల తగ్గెనో కూడ విచారింపవలయును. పెద్దనగరము తనకు వలదన్న పొగ, చేతులు మారి, పల్లె గడపకు చేరుచున్నది. ఎన్ని చేతులు మారిన బండిలో అన్ని మార్పుల కవకాశము కలదు.

పొల్యూషన్ సర్టిఫికెట్టు ఉన్నది గదా, ఇక భయమేమి యని కొందరు అడుగవచ్చును. ఆ పత్రము దేనిని కొలచునో చూతము. డీజిలుబండిని నిలిపియుంచి, యాక్సిలరేటరును త్రొక్కి, వెలువడు పొగ యొక్క నలుపును కొలతురు. బి.ఎస్. 4 బండికి 50 హార్ట్రిడ్జి ప్రమాణములు, అంతకు పూర్వపు బండికి 65 మించరాదు. బి.ఎస్. 4 పెట్రోలుకారునకు ఊరక నిలిచి తిరుగు ఇంజనులో కార్బన్ మోనాక్సైడు నూటికి 0.3 పాలును, హైడ్రోకార్బనులు పదిలక్షలకు 200 పాళ్లును మించరాదు. నైట్రోజన్ ఆక్సైడుల మాట ఈ పరీక్షలో లేనేలేదు. కావున ఇ.జి.ఆర్. వాల్వును మూసివేసిన బండి ఆ దోషమునకు ఈ పరీక్షలో ఎన్నడును పట్టుబడదు. బానెట్టు ఎత్తి చూచువాడును, బండిక్రింద దూరి చూచువాడును లేడు. ఆ పత్రము ఆ దినమున, ఆ క్షణమున కనబడిన పొగకు సాక్ష్యమే గాని, బండి నిజస్వరూపమునకు సాక్ష్యము కాదు. పేరుమోసిన జర్మను కంపెనీ వోక్స్‌వ్యాగను పరీక్షాశాలను గుర్తుపట్టి, ఆ కాసేపు మాత్రమే పొగ నణచునట్టి కంప్యూటరు లెక్కను కార్లలో నమర్చెనని అమెరికా పర్యావరణ సంస్థ 2015 సెప్టెంబరులో బయటపెట్టెను. ప్రపంచమున ఒక కోటి పదిలక్షల కార్లు ఆ కుతంత్రమునకు లోనైనవి. తయారుచేసినవారే యిట్లు మాయచేయగా, వీథిచివరి షెడ్డులో చేసిన మార్పును నిముషముల పరీక్ష పట్టునని నమ్ముట ఎట్లు?

పట్టదలచిన ప్రభుత్వములు పట్టుచునే యున్నవి. వేలకొలది తెలుగు కుటుంబములు నివసించు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము దీనికి నిదర్శనము. అచ్చట స్మాగ్ చెక్కు అను పరీక్ష సామాన్యముగా రెండేండ్ల కొకసారి జరుగును. పొగను మాత్రమే గాక, కర్మాగారము అమర్చిన కాలుష్యనివారణ భాగము లన్నియు యథాస్థానమున నున్నవో లేవో పరీక్షకుడు కంటితో చూచును. బయట కొని తగిలించిన భాగమునకు రాష్ట్ర వాయుమండలి యిచ్చిన అనుమతి సంఖ్య ఉండవలయును. లేనిచో బండి తప్పినట్లే. 2021 జూలై 19వ తేదీనుండి కంప్యూటరులోని లెక్క మార్చబడెనా యని కూడ చూచుచున్నారు. మార్చియుండినచో మొదటి లెక్కను తిరిగి వేయించినగాని పరీక్ష గట్టెక్కదు. వీనియన్నిటికంటె ముఖ్యమైన నియమ మొకటి కలదు. కారును అమ్మునపుడు, అది మరీ కొత్తదిగాని మరీ పాతదిగాని కానిచో, 90 దినముల లోపల పొందిన పరీక్షాపత్రమును కొన్నవానికి ఇచ్చు బాధ్యత అమ్మువానిదే. అనగా మార్చినబండి యొక్క దోషభారము మొదట మార్చినవానియొద్దనే ఆగిపోవును. మన దేశమున ఆ భారము చేతినుండి చేతికి జారి, తుదకు ఏమియు నెరుగని గ్రామీణుని నెత్తిపై పడుచున్నది. రెండు విధానములకు నడుమగల భేద మిదియే.

మా మాటకు ఆక్షేపణ చెప్పువారు లేకపోలేదు. తాండూరు నాపరాతి పాలిషు యంత్రముల దుమ్ము, సిమెంటు కర్మాగారముల ధూళి, రేయింబవళ్లు తిరుగు లారీల పొగ ఉండగా, రైతుబిడ్డ కొన్న యొక్క కారుపై ఇంత కోపమేల యని వారడుగుదురు. ఆ ప్రశ్నలో న్యాయము కలదు. పెద్దవారి ధూళిని చూచిచూడనట్లు విడిచి, చిన్నవానిని రోడ్డుపై నిలిపి జరిమానా వేయుట ధర్మము కాదు. ఆ ధూళిని గూర్చి మన పత్రికలు గట్టిగా వ్రాయవలసినదే. కాని యొక అన్యాయము మరియొకదానికి అనుజ్ఞాపత్రము కాజాలదు. డీజిలు పొగ మనుష్యునకు క్యాన్సరు కలిగించునదే యని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2012 జూనులో నిర్ధారించెను. సిమెంటు ధూళి చాలక ఆ విషమును గూడ పిల్లలు ఆడుకొను వాకిటిలోనికి తెచ్చుకొందుమా? మూసీనది పుట్టిన అనంతగిరి కొండలపై, గాలి శుభ్రమైనదను నమ్మకముతోడనే పూర్వులు క్షయరోగులకు ఆరోగ్యాలయమును నెలకొల్పిరి. ఆ కొండల నీడనున్న పల్లెలవారు గాలివిలువ నెరుగనివారు కారు.

కొనదలచినవారికి మేము చెప్పునది యిది. బండిని చూడబోవునపుడు ఇంజను చల్లగా నున్నవేళ పోవలయును. ముందే వేడిచేసి నిలిపిన బండి నిజము చెప్పదు. ఆర్.సి.లోని ఇంజను, ఛాసిసు నంబరులను బండిపై నున్నవానితో సరిచూడవలయును. తుదిరొక్కము చెల్లింపకముందే కంపెనీ వర్క్‌షాపునకు గొనిపోయి, లిఫ్టుపై కెత్తించి, పొగగొట్టమున అతుకులున్నవేమో చూపించి, కంప్యూటరును స్కాను చేయింపవలయును. దానికి కొంత ఖర్చగును. తరువాత కాగల ఖర్చులో అది స్వల్పము. పొల్యూషను పరీక్ష మీ యెదుట మరల జరుగవలయును. కాలుష్యనివారణ భాగములను తీయలేదనియు, మార్చలేదనియు, తీసినట్లు తేలినచో తన ఖర్చుతో యథాస్థితికి తెచ్చెదననియు అమ్మువానిచేత విక్రయపత్రమున వ్రాయించి సంతకము తీసికొనవలయును. ఆ సంతకమునకు వెనుదీయువానితో బేరము అచ్చటనే ముగించుట మేలు. పరరాష్ట్రపు బండియైనచో నిరభ్యంతరపత్రము లేక బయానా ఈయరాదు. పన్నెండుమాసములకు మించి ఇచ్చట నుంచదలచినచో ఇచ్చటి నంబరు తీసికొనక తప్పదు. కొన్న ముప్పది దినముల లోపల యాజమాన్యపు మార్పిడికై రవాణా కార్యాలయమున దరఖాస్తు చేయవలయును. దళారి చేతిలో ఖాళీ ఫారములపై సంతకములు పెట్టి మరచిపోవు అలవాటు ఉభయులకును ముప్పు.

ప్రభుత్వమువారిని మేము కోరునవి మూడే. మొదటిది, యాజమాన్యము మారునపుడు కొత్తగా పరీక్ష జరుగవలయును. భాగము లన్నియు యథాస్థానమున నున్నవని పత్రము తెచ్చు బాధ్యత అమ్మువానిపై నుంచవలయును. రెండవది, పాతబండ్ల వర్తకులు అధికారపత్రము పొందవలయునని కేంద్ర ప్రభుత్వము 2022 డిసెంబరులో చేసి 2023 ఏప్రిలు 1 నుండి అమలుపరచిన నియమములు కాగితముపై నిలిచిపోరాదు. జిల్లాలలోని ప్రతి దళారికిని అవి సోకవలయును. ప్రమాణములకు విరుద్ధమైన బండి నమ్మిన వర్తకునకు బండి యొక్కింటికి లక్షరూపాయల జరిమానా 182-ఎ సెక్షనులోనే కలదు గదా! మూడవది, పరీక్షలో నైట్రోజన్ ఆక్సైడుల కొలతయు, భాగముల తనిఖీయు చేరవలయును. సంచార పరీక్షాశకటములు మండల కేంద్రములకు సంతదినములందు రావలయును. పరీక్షను ప్రజల గుమ్మమునకు తేక, శిక్షను మాత్రము రోడ్డుపై నిలుపుట పరిపాలన యనిపించుకొనదు.

కఠినమైన చట్టము చెడ్డది కాదు. గురితప్పిన చట్టము చెడ్డది. గాలిని చెరచి లాభము తీసినవాని నది పట్టుకొన్ననాడు, తెలియక కొన్నవానికి భయము తొలగును. తెలిసి కొనువానికి ధైర్యము సడలును. అంతవరకు ఎద్దుపండ్లు చూచిన కన్నుతోడనే బండి పొగగొట్టమును గూడ చూచుట బంట్వారపు రైతునకు శ్రేయస్కరము.