సన్న వైరే కదా అనుకోవద్దు

చల్లపల్లి నుంచి నాగాయలంక దాకా ఏ గట్టు మీద నడిచినా ఇప్పుడు మోటారు వైరు పక్కన ఇంకో సన్న వైరు కనిపిస్తోంది. నీటి మట్టం చూసి మోటారు ఆపే ఫ్లోటు స్విచ్చికి ఒకటి, సెల్‌ఫోనుతో వేసే స్టార్టరుకు ఒకటి, చెరువు దగ్గర కెమెరాకు ఒకటి. అర్ధరాత్రి చేలోకి వెళ్లే బాధ తగ్గింది, మంచిదే. కానీ ఆ వైరును ఎలా లాగాం? తుమ్మ కర్రలకు కట్టి, బోదెలో ముంచి, మోటారు వైరుకే చుట్టి. మేమూ అలాగే చేశాం. మాలో ఒకరి గేదె ఆ వైరు తొక్కి పడిపోయాక గానీ కళ్లు తెరవలేదు.

వైరు సన్నగా ఉంటే కరెంటు తక్కువని కాదు. సెన్సారు వైరులో 12 లేక 24 వోల్టులే ఉండొచ్చు. కానీ త్రీఫేజు స్టార్టర్లలో చాలావాటి కాయిలు 415 వోల్టుల మీద పనిచేస్తుంది. అలాంటి స్టార్టరు నుంచి దూరంగా ఉన్న బటనుకో, ఫ్లోటుకో లాగిన సన్న వైరులోనూ అంతే ఉంటుంది. మనది ఏ రకమో మెకానిక్కును అడిగాకే వైరు లాగాలి.

నిజంగా తక్కువ వోల్టేజీయే అయినా, మోటారు వైర్లున్న పైపులోకి దాన్ని దూర్చకూడదు. లోపల రాపిడికి తొడుగు చిట్లితే 415 వోల్టులు దానిమీదకొస్తాయి. ఏమీ కాదులే అని మనం ఒట్టి చేత్తో పట్టుకునేది ఆ వైరునే. అందుకే దాని కండ్యూట్ పైపు దానికి వేరుగా ఉండాలి.

పాత డ్రిప్పు గొట్టాలు పనికిరావు. ఐఎస్ఐ గుర్తున్న పీవీసీ కండ్యూట్ వాడాలి. మన ఉప్పు గాలికి ఇనుప పైపు నిలవదు. పైపులో సగం కూడా నిండకుండా వైర్లు వేయాలి. జాయింట్లు పైపులో కాదు, మూత ఉన్న డబ్బాలోనే ఉండాలి. మలుపుల్లో ఎల్బో బదులు పొడుగు బెండు వేస్తే వైరు గీసుకుపోదు. పైపు మూతిని కిందికి వంచి, ఎలుకలు, పందికొక్కులు దూరకుండా బిగించాలి. భూమిలో వేస్తే పార తగలనంత లోతుగా, రెండున్నర అడుగులు తవ్వి, పైన ఇటుకలు పరవాలి. ఎంత బిగించినా వానల్లో పైపులోకి నీరు చేరుతుంది. తడికి తట్టుకునే వైరే కొనాలి. పైపు వేశాం కదా అని ఎర్తును, ఈఎల్‌సీబీని మానకూడదు. పని మొదలెట్టే ముందు మెయిను ఆపి ఫీజులు పీకాలి.

ఇదంతా ఎవరి ఖర్చు? మీటరు దాటాక రైతుదే బాధ్యత అంటారు. మన ప్రాంతంలో సాగు చేసేది ఎక్కువగా కౌలు రైతులు. ఏడాది కౌలుకు చేసేవాడు వేరొకరి భూమిలో పైపులు పాతలేడు. ఊళ్లో ఉండని యజమానికి ఆ గట్టు మీద నడిచే పని లేదు. ఇద్దరి మధ్యా వైరు మాత్రం బోదెలోనే ఉంటుంది.

2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇస్తున్నారు. ఆ కరెంటు ప్రాణం తీయకుండా చేరాలి. డ్రిప్పు పైపుకు సబ్సిడీ ఉన్నట్టే కండ్యూట్‌కు, ఈఎల్‌సీబీకి కూడా ఇవ్వాలి. అదీ సాగుదారు పేరున ఇవ్వాలి. సార్వాకు ముందు ఊరూరా మోటార్ల వైరింగును విద్యుత్ సిబ్బంది తనిఖీ చేయాలి.

ప్రభుత్వం కదిలేలోపు మన గ్రామ కమిటీలు కదలాలి. ఒక పూట గట్లెంబడి నడిచి, నీళ్లలో పడున్న వైరు ఏ మోటారుదో రాసుకుని, కౌలుదారునూ భూయజమానినీ కలిపి కూర్చోబెట్టాలి.