సూరత్‌లో సగమే అమలైన ఉత్తర్వు

1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో సూరత్ నుంచి లక్షలాది మంది స్వస్థలాలకు తరలిపోయారు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ విధించేసరికి రైళ్లు, బస్సులు నిలిచిపోయాయి. ఊరికి పోవాలనే కార్మికునికి, గడప దాటరాదనే ప్రభుత్వానికి నడుమ నిలబడవలసి వచ్చినవాడు పోలీసు.

వ్యాధి తమకూ సోకవచ్చునని తెలిసి కూడా పోలీసులు రాత్రింబవళ్లు పహరా కాశారు. ఆ శ్రమను చిన్నచూపు చూడడం న్యాయం కాదు. అయితే మరమగ్గాలు ఆగిన నగరంలో ఆకలిని పహరా ఆపలేకపోయింది. ఇచ్ఛాపురానికి ఆవలనున్న గంజాం జిల్లా మొదలు తెలంగాణ పల్లెల వరకు ఎందరికో ఆ మగ్గాలే జీవనాధారం. ఏప్రిల్ 10న లస్కాణా ప్రాంతంలో కార్మికులు వేతనాలు ఇవ్వాలని, ఇళ్లకు పంపాలని వీధుల్లోకి వచ్చారు. వాహనాలకు నిప్పు పెట్టారు. పోలీసులు పలువురిని అదుపులోకి తీసుకున్నారు. మే 4న వరేలి వద్ద రాళ్లు పడ్డాయి, బాష్పవాయువు ప్రయోగం జరిగింది. హింస సమర్థనీయం కాదు. కాని దానికి మూలమేమిటన్నది విస్మరించరానిది.

మార్చి 29న కేంద్ర హోంశాఖ జారీచేసిన ఉత్తర్వు వలస కార్మికులు కదలరాదన్నది. యజమానులు కోత లేకుండా వేతనాలు చెల్లించాలని, నెలరోజుల పాటు ఇంటి అద్దె అడగరాదని కూడా అదే ఉత్తర్వు ఆదేశించింది. వీటి అమలుకు కలెక్టర్లతోపాటు జిల్లా ఎస్పీలను, డిప్యూటీ కమిషనర్లను వ్యక్తిగతంగా బాధ్యులను చేసింది. ఆచరణలో మొదటి భాగానికి లాఠీ తోడైంది. రెండవ భాగాన్ని కార్మికులు వీధికెక్కి అడగవలసి వచ్చింది. మే 18 నుంచి వేతన నిబంధననే కేంద్రం ఉపసంహరించింది.

లోపం కానిస్టేబులుది కాదు. ఏ మగ్గంపై ఎవరు పనిచేస్తున్నారో, ఎవరికి ఎంత బకాయి ఉందో తెలిసిన కార్మికశాఖ అతని పక్కన లేదు. యజమానితో లెక్క తేల్చవలసిన పని ఠాణాపై పడితే మిగిలేది బలప్రయోగమే. మరో విపత్తు రాకముందే కార్మికుల నమోదు పూర్తికావాలి, వారి భాషలో సమాచారం అందాలి, పోలీసుతోపాటు కార్మికాధికారి కూడా బస్తీకి వెళ్లాలి.

ప్లేగు తర్వాత 1995లో పురపాలక కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్.రావు హయాంలో సూరత్ చెత్తను ఊడ్చుకుని దేశానికి ఆదర్శమైంది. కూలి బకాయిల విషయంలోనూ అదే పట్టుదల చూపగలిగితే, రేపటి పోలీసు కార్మికునికి ఎదురుగా కాక అండగా నిలబడగలడు.