విమాన సంస్థలు ఏకమైతే చిన్న ఊళ్ళకు చిక్కు

అబిడ్స్ (హైదరాబాద్): అబిడ్స్‌లో బట్టలు, పుస్తకాలు కొనుక్కుని నాంపల్లి స్టేషన్‌లో రైలెక్కే మన పల్లెవాసులకు విమానాల గొడవ ఎందుకని కొందరు అనవచ్చు. కాని కొడుకును గల్ఫ్ దేశానికి సాగనంపేదీ, అప్పు చేసి టిక్కెట్టు కొనేదీ కూడా ఈ పల్లెవాసులే. కనుక విమాన సంస్థలు చేతులు మారడం వారికీ సంబంధించిన విషయమే.

నాంపల్లికి రైళ్ళు నడిపిన నిజాం రైల్వేయే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణాను కూడా ప్రారంభించింది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించగా బేగంపేట నుంచి విమానాలు నడిచాయి. 1953లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి ఎనిమిది సంస్థలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఏర్పాటు చేసింది. ఆ చట్టం 1994లో రద్దు కావడంతో ప్రైవేటు సంస్థలకు తలుపులు పూర్తిగా తెరుచుకున్నాయి.

వచ్చిన సంస్థలు చాలా ఉన్నా నిలిచినవి తక్కువ. చౌక టిక్కెట్లతో 2003లో బయలుదేరిన ఎయిర్ డెక్కన్ 2007లో కింగ్‌ఫిషర్ అధీనంలోకి వెళ్ళింది. 2012లో కింగ్‌ఫిషరే ఆగిపోయింది. 2007లో ఎయిర్ సహారాను కొన్న జెట్ ఎయిర్‌వేస్ 2019లో మూతపడింది. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్తా 2017లో నిలిచిపోయింది. ఎయిరిండియా 2022లో టాటాల చేతికి రాగా, 2024లో విస్తారా అందులో కలిసింది.

చిన్న ఊళ్ళ సంగతి చూడాలంటే కడప మంచి ఉదాహరణ. ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న ట్రూజెట్ సంస్థ కడప-హైదరాబాద్ సర్వీసు ప్రారంభించింది. గంట ప్రయాణానికి సగం సీట్లు సుమారు రూ. 2,500కే ఇవ్వాలన్నది పథకం నియమం. వచ్చే లోటును మూడేళ్ళపాటు ప్రభుత్వం భర్తీ చేస్తుంది. ఆ మూడేళ్ళూ ఆ మార్గం ఆ ఒక్క సంస్థదే. 2022లో ట్రూజెట్ విమానాలు నిలిచిపోయాయి. రెండో సంస్థ లేని దారిలో ఉన్న ఒక్కటీ పోతే ప్రయాణీకునికి మళ్ళీ రాత్రంతా రైలే గతి.

ఇక టైముల సంగతి. బస్టాండులో తెల్లవారి ఆరు గంటల టైము దొరికిన బస్సుకే జనం ఎక్కువ. విమానాశ్రయంలోనూ అంతే. దానినే స్లాటు అంటారు. ఒక సీజనులో తనకిచ్చిన టైములో 80 శాతం వాడుకున్న సంస్థకు మరుసటి ఏడు అదే టైము దక్కుతుంది. ఒక సంస్థ మరొక దానిని కొంటే విమానాలతోబాటు ఈ టైములు కూడా సాధారణంగా దాని చేతికే వస్తాయి. అదే టైములో 180 సీట్ల విమానాన్ని ఢిల్లీకి పంపితే వచ్చే రాబడి, 70 సీట్ల చిన్న విమానాన్ని కడపకు పంపితే రాదు. అందుచేత కత్తెర ముందుగా పడేది చిన్న ఊరి సర్వీసు మీదనే.

పోటీ తగ్గితే ఏమవుతుందో 2025 డిసెంబరులో దేశమంతా చూసింది. సిబ్బంది పని గంటల కొత్త నిబంధనలకు తగిన ఏర్పాట్లు లేక ఇండిగో వేలాది సర్వీసులు రద్దు చేసింది. అప్పటికి దేశంలోపల విమానమెక్కే పదిమందిలో ఆరుగురికి పైగా ఆ సంస్థ ప్రయాణీకులే. మిగతా విమానాల్లో ధరలు మండిపోగా, 500 కిలోమీటర్ల లోపు టిక్కెట్టు రూ. 7,500 మించరాదని కేంద్రం హద్దు పెట్టవలసి వచ్చింది. ఉడాన్ ధరకు ఇది మూడు రెట్లు!

విజయవాడ వంటి చోటికి రైళ్ళు, బస్సులు దండిగా ఉన్నాయి కనుక విమానం ధర పెంచడానికి కొంత జంకుతారు. ఆ వసతి లేని ఊరికి పోటీ ఒక్కటే రక్ష. సంస్థలు మూతపడినప్పుడు, కలిసిపోయినప్పుడు వాటి టైముల్లో కొన్నింటిని చిన్న పట్టణాల సర్వీసులకే ప్రత్యేకించాలి. మూడేళ్ళ గడువు తీరిన మార్గాల్లో రెండో సంస్థకు ప్రోత్సాహం ఇవ్వాలి. పౌర విమానయాన శాఖ ఈ విషయమై శ్రద్ధ వహించవలసి ఉంది.