బిడ్డ వైద్యం వద్దంటే

మందు తాగనని మూడేళ్ల పిల్లవాడు మారాం చేస్తే ఒళ్లో పడుకోబెట్టుకొని నోట పోస్తాము. తప్పని ఎవరూ అనరు. కాని పదిహేనేళ్ల పిల్ల, తన జబ్బు ఎటువంటిదో తెలిసిన పిల్ల, ప్రాణానికి ముప్పని తెలిసి కూడా "నాకీ వైద్యం వద్దు" అంటే ఏం చెయ్యాలి? ఈ నెల మేము ముచ్చటించదలచుకున్నది ఈ చిక్కును గురించే.

ముందు చట్టం మాట. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండేవరకు మైనరే. ఆస్పత్రిలో సంతకం పెట్టేది తల్లిదండ్రులో గార్డియనో. క్రిమినలు చట్టం 12 ఏళ్ల దగ్గర మరొక గీత గీసింది: అంతకు లోపు బిడ్డ ఇచ్చిన సమ్మతి సాధారణంగా చెల్లదు. ఈ రెండు గీతల నడుమ వయసువారు వద్దంటే ఏం చెయ్యాలో విడమరిచే ప్రత్యేక చట్టం మనకు లేదు.

1860 నాటి ఇండియన్ పీనల్ కోడులో మాత్రం ఒక ఉదాహరణ ఉన్నది. బిడ్డకు ప్రమాదం జరిగింది. వెంటనే ఆపరేషను చెయ్యకపోతే బతకదు. పెద్దలను అడిగే వ్యవధి లేదు. బిడ్డ వద్దని వేడుకుంటున్నా డాక్టరు సద్బుద్ధితో ఆపరేషను చేస్తే నేరం కాదన్నారు. 2024 జూలై 1 నుంచి ఆ కోడు పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినా, ఈ ఉదాహరణ 30వ సెక్షను కింద నిలిచే ఉన్నది. సబబైన మాటే.

కాని అది గంటలో తేలే వ్యవహారం. పిల్లల రక్త కాన్సరుకు వైద్యం రెండు మూడేళ్లు సాగుతుంది. వెన్నులో సూదులు, వాంతులు, జుట్టు ఊడడం, బడి మానడం. చిన్నతనంలోనే పట్టుకొనే మధుమేహానికి ఇన్సులిను రోజూ కావాలి, జీవితాంతం. అన్నాళ్లు చేతులు కట్టి వైద్యం చెయ్యడం ఎవరి తరం?

ఇంగ్లండులో ఈ తగవు చాలాసార్లు కోర్టుకెక్కింది. విషయం గ్రహించగల తెలివి ఉంటే 16 నిండనివారు కూడా వైద్యానికి తామే సమ్మతి ఇవ్వవచ్చునని 1985లో గిల్లిక్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. ఒప్పుకొనే హక్కు ఉంటే కాదనే హక్కూ ఉండాలి గదా! అక్కడి కోర్టులు అలా అనలేదు. తిండి మానేసే మానసిక వ్యాధితో కృశిస్తున్న 16 ఏళ్ల బాలిక కేసులో, మైనరు కాదన్నా కోర్టు వైద్యం చేయించవచ్చునని 1992లో తేల్చారు.

అంతకు ముందు 1990లో, రక్త కాన్సరు ఉన్న 15 ఏళ్ల బాలుడు, యెహోవా సాక్షుల మతం వాడు, పరుల రక్తం ఎక్కించుకోనన్నాడు. తల్లిదండ్రులదీ అదే మాట. కోర్టు ఆజ్ఞతో ఎక్కించారు. 18 నిండినాక అతడు మళ్లీ కాదన్నాడు, అప్పుడు అడ్డేవారు లేరు, చనిపోయాడు.

2008లో 13 ఏళ్ల బాలిక సంగతి వేరు. కాన్సరు మందుల వల్ల ఆమె గుండె దెబ్బతిన్నది. గుండె మార్పిడి వద్దన్నది. కోర్టుకు వెళదామనుకున్నారు. కాని బాలల రక్షణ అధికారి ఒకరు ఆమెతో మాట్లాడిన తరువాత ఆ ప్రయత్నం విరమించారు. మరుసటి సంవత్సరం ఆమే మనసు మార్చుకొని ఆపరేషనుకు ఒప్పుకొన్నది.

దీన్నిబట్టి బిడ్డ మాటే చెల్లాలని మేము అనము. వద్దనడానికి కారణం ఏమిటో కూర్చుని వినాలంటాము. 1992లో మన దేశం అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెప్పేదీ అదే: బిడ్డ అభిప్రాయం వినాలి, వయసునూ పరిణతినీ బట్టి దానికి విలువ ఇవ్వాలి.

మన ఇళ్లలో దీనికి మరొక మెలిక ఉన్నది. డాక్టరు చెప్పేది కన్నడంలోనో, తమిళంలోనో, మరాఠీలోనో, ఇంగ్లీషులోనో. సంతకం పెట్టవలసిన కాగితమూ అంతే. బజారు మాటలు వచ్చిన తల్లికి కూడా జబ్బుల మాటలు అందవు. ఆ బడిలో చదివిన పిల్లే దుబాసీ. అంటే తన జబ్బు సంగతి తల్లికి తెలుగులో చెప్పేది తానే. తల్లి బెంగపడుతుందని కొంత మింగుతుంది. రాత్రి పెద్దలు గుసగుసలాడే అప్పు సంగతి, నగలు తాకట్టు సంగతి కూడా వింటుంది. తెల్లవారి వద్దంటుంది. మనం మొండితనమనుకుంటాము.

కాబట్టి బిడ్డ జబ్బుకు బిడ్డనే దుబాసీ చెయ్యకండి. రెండు భాషలూ వచ్చినవారు మన సంఘంలో ఉన్నారు. ఒకరిని తోడు తీసుకుపోండి. బిడ్డ డాక్టరుతో విడిగా మాట్లాడే వీలు అడగండి. ఖర్చు పెద్దల బాధ్యత అని నోరారా చెప్పండి.

ఇంత చేసినా వద్దంటే? నయమయ్యే జబ్బయితే పెద్దలు సంతకం పెట్టవలసిందే. నయం కాని జబ్బులో, వైద్యం బాధను పొడిగించేదే అయితే, బిడ్డ మాటకు ఎక్కువ తూకం ఇవ్వాలి. పెద్దలే మొరాయిస్తే 1098 టెలిఫోను, జిల్లా బాలల సంక్షేమ సమితి, ఆపైన హైకోర్టు ఉన్నవి.

సంతకం పెట్టేనాడు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, ఆమె మాట విన్నామనీ, అయినా ఎందుకు పెడుతున్నామో అదీ చెప్పండి. మూడేళ్ల వైద్యం బిడ్డ కలిసిరానిదే సాగదు.