వత్తి మాటెత్తడానికి సిగ్గెందుకు?

ముప్పైయేళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ విడదీసి చెప్పినవాణ్ణి. నాకు వచ్చిన వ్యాధి పేరు చెప్పడానికి మాత్రం నోరు పెగలలేదు.

కొన్నేళ్ళ క్రితం మలంలో నెత్తురు కనిపించింది. మొలలనుకొని మూడు నెలలు దాచాను. తుదకు పరీక్ష చేసిన వైద్యులు పెద్దపేగు చివరి భాగంలో వాపు, పుండ్లు ఉన్నాయనీ, దీనిని అల్సరేటివ్ కొలైటిస్ అంటారనీ తెలిపారు. మాత్రలతో పాటు మలద్వారంలో పెట్టుకొనే మందు కూడా వ్రాశారు. మాత్రలు మింగాను, రెండవది బీరువాలో దాచాను.

ఈ వ్యాధిలో మందు ఎంత బలమైనదో, అది ఎక్కడికి చేరుతుందో కూడా అంతే ముఖ్యం. మెసలమిన్‌ను ఊరక మింగితే చాలావరకు చిన్నపేగే పీల్చుకుంటుంది. స్వీడన్ వైద్యురాలు నన్నా స్వార్ట్స్ కీళ్ళవాతం కోసం రూపొందించిన సల్ఫసలజీన్ ఈ చిక్కును విప్పింది. అది రెండు పదార్థాల సమాసం వంటిది. పెద్దపేగులోని సూక్ష్మజీవులే దానికి పదచ్ఛేదం చేస్తాయి! విడివడిన వాటిలో పేగుకు మేలు చేసేది మెసలమిన్ అని 1977లో ఆక్స్‌ఫర్డు వైద్యులు ఎనిమాల ద్వారా ఇచ్చి నిరూపించారు. తరువాత, పేగులో ఆమ్లత తగ్గిన చోట మాత్రమే కరిగే పైపూత గల మాత్రలు వచ్చాయి.

అయినా వ్యాధి మలాశయంలోనే ఉన్నప్పుడు, నోటి మాత్ర కంటె అక్కడే పెట్టే మందు బాగా పనిచేస్తుందని పరిశోధనలు తేల్చాయి. ఎనిమా ఇంకొంత పైకి, పెద్దపేగు ఎడమవైపు మలుపు దాకా చేరగలదు. అందరికీ ఇదే చాలదు. క్రోన్స్ వ్యాధి నోటి నుండి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు. వ్యాధి తీవ్రమైతే ఒళ్ళంతటా పనిచేసే మందులు తప్పవు.

మలి దర్శనంలో వైద్యుడు, "తగ్గలేదంటే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాలి. రెండో మందు వాడుతున్నారా?" అని అడిగారు. తల దించుకొని నిజం చెప్పాను. ఆ ప్రశ్న అడగకపోతే నా సిగ్గు మందు వైఫల్యంగా లెక్కకు వచ్చేది. అక్కరలేని స్టెరాయిడ్ నా ఒంట్లోకి వెళ్ళేది. ఆ రాత్రే బీరువా తెరిచాను. కొన్ని వారాలలో నెత్తురు ఆగింది.

మన పూర్వులకు ఈ సిగ్గు లేదు. చరకసంహిత సిద్ధిస్థానం వస్తికర్మను విస్తరించి చెప్పింది. ఆ మందులూ ఈ మందులూ ఒకటని నేననడం లేదు. ఆ మాటతీరు మనకు కావాలంటున్నాను. సపోజిటరీని సంస్కృతంలో 'వర్తి' అన్నారు. మన దీపపు వత్తి కూడా ఆ మాట నుండి వచ్చినదే. దేవుని ముందు నిత్యం పలికే మాటను వైద్యుని ముందు పలకడానికి సంకోచమెందుకు?

మీ ఇంట పెద్దవారెవరైనా ఇటువంటి మందును బీరువాలో దాచి ఉండవచ్చు. ఒక్కమారు మెల్లగా అడిగి చూడండి.