తెఱచుకొనని ఫైళ్లు, పోగొట్టుకొనరాని పుస్తకములు



నందిగామ, జగ్గయ్యపేటలలో డీటీపీ కేంద్రములు వెలసిన నాటినుండి స్థానిక కవుల శతకములు, దేవాలయముల స్థలపురాణములు, పాఠశాలల వార్షికోత్సవ సంచికలు పేజ్‌మేకరులో ‘అను’, ‘శ్రీలిపి’ మున్నగు ఫాంటులతో కూర్పబడుచు వచ్చినవి. నేడు వానిలో దేనినైనను పునర్ముద్రింపగోరి గ్రంథకర్త తాను భద్రపఱచుకొన్న సీడీని తెచ్చియిచ్చినచో, క్రొత్త కంప్యూటరులో ఆ ఫైలు తెఱచుకొనదు. ఎట్లో తెఱచుకొన్నను తెలుగునకు మాఱుగా అర్థరహితములైన ఇంగ్లీషు అక్షరములు బారులు తీరి కనబడును. అంతట అచ్చుపనివారు “ఫైలు పాడైనది, మరల టైపు చేయింపుడు” అని తీర్పు చెప్పి సీడీని తిరిగి యిచ్చివేయుచున్నారు. ఈ తీర్పు తొందరపాటుతో కూడినదని విన్నవించుటకే ఈ లేఖ.

పేజ్‌మేకరు 7.0 వెలువడినది 2001లో. అదియే దాని కడపటి కూర్పు. దాని పాత ఫైళ్లను పుటల కూర్పునకే వాడు మఱియొక సాధనమగు ఇన్‌డిజైను, సి.ఎస్.6 కూర్పు వఱకు తెఱవగలిగినది, తరువాతి కూర్పులు తెఱవజాలవు. ఇక ఆనాటి ఫాంటులు తెలుగు లిపిఖండములను ఇంగ్లీషు అక్షరముల సంకేతస్థానములలో నిలిపినవి కనుక, ఫాంటు లేని యంత్రమున ఆ సంకేతములు ఇంగ్లీషుగానే పొడసూపును. పెక్కు లిపులకు వేర్వేరు సంకేతములొసగు యూనికోడుయొక్క 1991 నాటి మొదటి కూర్పులోనే తెలుగునకు స్థానము లభించినను, అచ్చుపనిలో పాత ఫాంటులే చిరకాలము చెల్లుబాటైనవి.

మర్మమెఱిగినవారుండిన ఎంతటి పాత వ్రాతయైనను చదువబడుననుటకు మన చెంతనే నిదర్శనము కలదు. జగ్గయ్యపేట చెంత ధనబోడు గుట్టపై 1882లో పురాతత్త్వవేత్త బర్జెస్ త్రవ్వించిన బౌద్ధస్తూపమున, ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 20వ రాజ్యవర్షమందు నాగచంద్రుని కుమారుడగు సిద్ధార్థుడు స్తూపపు వేదికపై నిలుపు అయిదు ఆయకస్తంభములను దానమొసగినట్లు ప్రాకృతశాసనము కలదు. సుమారు పదునాఱు శతాబ్దుల పిమ్మట దానిని చదువగలిగిరన్న, అంతకు పూర్వమే ప్రిన్సెప్ పండితుడు బ్రాహ్మీలిపి మర్మమును విప్పియుండుటయే కారణము. మన ఫైళ్ల మర్మమెఱిగిన డీటీపీ ఆపరేటర్లు ఇంకను మన వీధులలోనే యున్నారు. వారిని పిలిచి పని యప్పగింపకుండుట నాకు మిక్కిలి బాధాకరముగా నున్నది.

చేయవలసినది అసాధ్యమైనది కాదు. మొదట సీడీలోని ఫైలునకు నకలు తీసి, ప్రయత్నములన్నియు ఆ నకలుపైననే చేయవలయును. పేజ్‌మేకరు ఫైలు పేరు చివరనుండు పీఎండీని పీడీఎఫ్‌గా దిద్దినంతమాత్రమున లోపలి సరకు మాఱదు. విండోస్ ఎక్స్‌పీతో నడచు పాత యంత్రమున పేజ్‌మేకరును, నాడు వాడిన ఆ ఫాంటునే ఎక్కించి ఫైలును తెఱవవలయును. తెఱచుకొన్న పక్షమున, ఫాంటులు పొదిగిన పీడీఎఫ్ నొకదానిని పుటల స్వరూపమునకై నిలిపి, పాఠమును వేఱుగా గ్రహించి యూనికోడులోనికి మార్చవలయును. పాత ఫాంటులలో గుడులు, కొమ్ములు, వత్తులు కంటికి కనబడు వరుసలో నుండగా యూనికోడులో అక్షరక్రమము వేఱగుటచే, మార్పిడి సాధనములు తడబడు చోట్లు పెక్కు. ప్రూఫు చూడక విడువరాదు. అయినను గ్రంథమంతయు మరల టైపు చేయించి క్రొత్త తప్పులను కొనితెచ్చుకొనుటకంటె ఇది మేలు. ఆ యంత్రమునను తెఱచుకొననిచో అప్పుడు మాత్రమే ఫైలు చెడినదని యెంచి, అచ్చుప్రతిని స్కాను చేయింపవచ్చును.

2022 ఏప్రిల్‌లో ఈ రెండు పట్టణములు ఎన్టీఆర్ జిల్లాలో చేరినవి గదా. ఆ జిల్లా గ్రంథాలయాధికారులు ఇచ్చట నొక పాత యంత్రమును, ఒక అనుభవజ్ఞుడగు ఆపరేటరును ఏర్పఱచి, రచయితల సీడీలను స్వీకరింపవలెనని నా మనవి. ఇకముందు పుస్తకము అచ్చువేయించువారు ప్రతులతోపాటు యూనికోడు పాఠమును, పీడీఎఫ్‌ను అడిగి తీసికొనవలయును. డీటీపీ కేంద్రములవారు తమ పాత కంప్యూటర్లను తుక్కు క్రింద తూచి అమ్ముటకు ముందే అందలి తెలుగు ఫైళ్లకు నకళ్లు తీయింతురని ఆశించుచున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, నందిగామ